మందు రాస్తున్నారు సరే, చర్మం చూసేదెవరు? ఎంఎస్ చికిత్స చేసే వైద్యులకు, ఔషధ నియంత్రణ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నాడీ వైద్యులకు, చర్మ వైద్యులకు, ఔషధ నియంత్రణ అధికారులకు, ఎంఎస్ మందులు తయారుచేసే కంపెనీల భద్రతా విభాగాలకు,

నమస్కారం.

ఎంఎస్, అంటే శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని నరాల పూతను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో బతుకుతున్నవాళ్లం, ఇంట్లో వాళ్లకు సూది వేసే కుటుంబ సభ్యులం, నరంలోకి మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ గదుల్లో పనిచేసే నర్సులం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. 1993లో ఇంటర్‌ఫెరాన్ బీటా-1బికి ఆమోదం దొరికేదాకా ఈ జబ్బు నడకను మార్చే మందే లేదు. ఇప్పుడు సూదులు, మాత్రలు, నరంలోకి ఎక్కించేవి అన్నీ కలిపితే పదిహేను దాటాయి. వాటివల్ల జరిగిన మేలు మాకు తెలుసు. అందుకు మీకు కృతజ్ఞతలు.

ఈ మందుల్లో దాదాపు ప్రతిదానికీ చర్మం మీద కనిపించే దుష్ఫలితం ఏదో ఒకటి ఉంది. ఎర్రబడటం మొదలుకొని చర్మం కుళ్లిపోవడం దాకా, జుట్టు రాలడం మొదలుకొని క్యాన్సర్ దాకా. ఈ సంగతి ఇదివరకు నోటితో చెప్పాం, కాగితం మీద రాసి ఇచ్చాం. వచ్చిన జవాబు ఎప్పుడూ ఒక్కటే: "ముందు మెదడు, వెన్నుపాము సంగతి చూద్దాం. చర్మం గురించి చర్మ డాక్టరును అడగండి." చర్మ డాక్టరు దగ్గరికి వెళితే, "ఇది మీ ఎంఎస్ మందు వల్ల. రాసినవాళ్లనే అడగండి" అంటారు. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి విసిగిపోయిన మనిషి ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మందు మానేస్తాడు. తర్వాత రిలాప్స్ (జబ్బు మళ్లీ తిరగబడటం) వచ్చి ఆసుపత్రిలో చేరితే, "మందు సరిగా వాడలేదు" అని అతని ఫైలులో రాస్తారు. ఎందుకు వాడలేకపోయాడో ఆ ఫైలులో ఉండదు.

మా ఫిర్యాదులోని అంశాలు ఇవి.

1. సూది గుచ్చిన చోట ఏమవుతోందో ఎవరూ విప్పి చూడటం లేదు.

ఇంటర్‌ఫెరాన్ బీటా-1బి రోజు మార్చి రోజు చర్మం కింద వేసుకునే మందు. నియంత్రిత పరీక్షల్లో నూటికి 78 మందికి సూది చోట ఏదో ఒక బాధ వచ్చింది, నూటికి నలుగురికి ఆ చోట చర్మం చచ్చిపోయింది. రెండు వారాలకోసారి వేసుకునే పెగ్‌ఇంటర్‌ఫెరాన్‌తో నూటికి 62 మందికి సూది చోట ఎర్రబడింది. ఈ అంకెలు మందుతో వచ్చే కాగితాల్లోనే ఉన్నాయి, మీకు తెలియనివి కావు. మాకు బాధ కలిగించేది ఏమిటంటే, పరీక్ష గదిలో ప్యాంటు పైకి లాగి తొడ చూపించమని అడిగేవారే కరువయ్యారు.

చర్మం చచ్చిపోవడం ఎలా మొదలవుతుందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మామూలు ఎరుపు రెండు మూడు రోజుల్లో పలచబడుతుంది. ఇది అలా కాదు. సూది పడిన చుట్టూ చర్మం గట్టిపడి రూపాయి బిళ్లంత పలకలా తగులుతుంది. మధ్యలో నీలిరంగు మచ్చ తేలుతుంది, వేలితో నొక్కి వదిలినా దాని రంగు మారదు. ఒకటి రెండు రోజులకు ఆ నీలం నల్లబడుతుంది, అంచుల్లోంచి నీరు కారుతుంది, తర్వాత పైచర్మం పొరగా ఊడి కింద గుంట మిగులుతుంది. కింది కొవ్వు పొరదాకా, ఒక్కోసారి కండరం మీది పొరదాకా ఇది దిగుతుంది. మానినా మచ్చ మిగులుతుంది. కొద్దిమందికి కుళ్లిన భాగం కోసి తీయాల్సి వస్తుంది, ఇంకా అరుదుగా వేరే చోటి చర్మం తెచ్చి అతకాల్సి వస్తుంది. ఎక్కువగా మొదటి నాలుగు నెలల్లోనే వస్తుంది, ఏడాది దాటాక వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

దీన్ని ఎక్కువ చేసేవి మూడు, మూడూ ఈ జబ్బుతోనే ముడిపడినవి. మొదటిది స్పర్శ తగ్గడం. తిమ్మిరెక్కిన తొడ మీద సూది తప్పుగా పడినా, అక్కడ పుండు మొదలైనా మనిషికి నొప్పి తెలియదు. రెండోది చేతి వణుకు, చూపు మసక. సూది నిటారుగా దిగదు, మందు చర్మపు పొరల్లోనే ఉండిపోతుంది. మూడోది చేయి అందకపోవడం. పిరుదు మీదో, జబ్బ వెనకో సొంతంగా వేసుకోలేరు కాబట్టి అందుబాటులో ఉన్న రెండు తొడల మీదే, అదీ కుడిచేతికి దగ్గరగా ఉన్న అదే చోట మళ్లీ మళ్లీ గుచ్చుకుంటారు. "చోటు మారుస్తూ ఉండండి" అని చెప్పి పంపితే సరిపోదు. ఎక్కడెక్కడికి ఆ మనిషి చేయి అందుతుందో ముందు చూడాలి.

2. గ్లాటిరమెర్ గుంటలు, దానికంటే ప్రమాదకరమైన గందరగోళం.

గ్లాటిరమెర్ అసిటేట్ చర్మం కింద వేసుకునే ఇంకో ఎంఎస్ సూది మందు: రోజూ 20 మిల్లీగ్రాములు, లేదా వారానికి మూడుసార్లు 40 మిల్లీగ్రాములు. నెలల తరబడి వాడాక కొందరికి సూది చోట కొవ్వు కరిగి చర్మం లోపలికి గుంట పడుతుంది. 20 మిల్లీగ్రాముల మోతాదుతో జరిగిన పరీక్షల్లో ఇది నూటికి ఇద్దరిలో కనిపించింది. ఆ గుంట మళ్లీ పూడుతుందని ఆశ పెట్టుకోవడానికి లేదు, దానికి తెలిసిన చికిత్సా లేదు. అందంగా కనబడకపోవడం ఒక్కటే కాదు దాంతో నష్టం. గుంట పడిన చోట ఇంకెప్పుడూ సూది వేయకూడదు, అంటే వాడుకోగలిగే చోట్లు ఏడాదికేడాది తగ్గిపోతాయి.

ఈ మందు వేసుకున్న కొద్ది నిమిషాల్లో ముఖం ఎర్రబడటం, గుండె దడ, ఛాతీ బిగుసుకుపోవడం, ఊపిరి ఆడనట్టు అనిపించడం కొందరికి వస్తాయి. సాధారణంగా అది దానంతటదే తగ్గిపోతుంది. అందువల్ల శిక్షణ ఇచ్చేవాళ్లు "భయపడకండి, కాసేపు కూర్చోండి" అని నేర్పుతూ వచ్చారు. అయితే 2025 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుకు అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టె చేర్చింది. 1996 డిసెంబరు నుంచి 2024 మే దాకా ప్రపంచవ్యాప్తంగా 82 తీవ్ర అలర్జీ కేసులను గుర్తించింది. వాటిలో ఆరుగురు చనిపోయారు. ఎక్కువ కేసులు సూది వేసుకున్న గంటలోపే వచ్చాయి. కొన్ని మందు మొదలుపెట్టి ఏడాది దాటాక వచ్చాయి. మొదటి నిమిషాల్లో మామూలు ప్రతిచర్య, ప్రాణాంతక అలర్జీ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి "కాసేపు కూర్చోండి" అన్న పాత పాఠం ఇప్పుడు ప్రమాదం. లక్షణాలు తగ్గకపోయినా, పెరుగుతున్నా, ఒళ్లంతా దద్దుర్లు తేలినా, నాలుకో పెదవులో వాచినా ఆంబులెన్సు పిలవాలి. ఏళ్ల తరబడి ఈ మందు వాడుతున్నవారిని పిలిచి ఈ మార్పు చెప్పారా? ఇది మా సూటి ప్రశ్న.

3. మాత్రలు మింగేవారి ఒళ్లు మంటలు.

డైమిథైల్ ఫ్యూమరేట్‌తో పరీక్షల్లో నూటికి 40 మందికి ముఖం, మెడ, ఛాతీ వేడెక్కి ఎర్రబడ్డాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో ఇది నూటికి ఆరుగురికే. చర్మంలోని కణాలు రక్తనాళాలను వెడల్పు చేసే ప్రోస్టాగ్లాండిన్లను విడుదల చేయడం వల్ల ఇది జరుగుతుంది. మొదటి నెలలో ఎక్కువ, తర్వాత చాలామందికి తగ్గుతుంది. భోజనంతో వేసుకోవడం, వారం రోజులు 120 మిల్లీగ్రాములు రెండు పూటలా వాడాకే 240కి పెంచడం, అవసరమైతే డాక్టరు సలహాతో కొద్దికాలం అరగంట ముందు పూత లేని ఆస్పిరిన్ వేసుకోవడం వంటి మార్గాలున్నాయి. ఇవన్నీ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పకపోతే ఏమవుతుంది? వేడికి లక్షణాలు పెరిగే జబ్బు ఇది. ఒళ్లు భగ్గుమన్నప్పుడల్లా మళ్లీ రిలాప్స్ వచ్చిందేమోనని మనిషి హడలిపోతాడు.

టెరిఫ్లూనమైడ్‌తో జుట్టు పలచబడుతుంది. 14 మిల్లీగ్రాముల మోతాదులో నూటికి 13 మందికి, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో. చాలామందికి మందు ఆపకుండానే తిరిగి వస్తుంది. ఈ చివరి వాక్యం ఒక్కటి ముందే చెబితే ఎంతోమంది మందు మానరు. ఇదే మందుతో అరుదుగా ఒళ్లంతా పొక్కి చర్మం ఊడే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ కూడా రావచ్చు. అప్పుడు మాత్ర ఆపితే సరిపోదు. మందు శరీరంలోంచి పోవడానికి సగటున ఎనిమిది నెలలు, కొందరిలో రెండేళ్లు పడుతుంది. కొలెస్టిరమైన్ 8 గ్రాముల చొప్పున ఎనిమిది గంటలకోసారి 11 రోజులు, లేదా యాక్టివేటెడ్ చార్‌కోల్ 50 గ్రాముల చొప్పున పన్నెండు గంటలకోసారి 11 రోజులు ఇచ్చి దాన్ని బయటికి పంపించాలి. ఎంఎస్ గురించి అంతగా తెలియని అత్యవసర విభాగపు డాక్టరుకు ఈ సంగతి ఎవరు చెబుతారు? రోగి జేబులో కార్డు ఉంటే ఆ కార్డు చెబుతుంది. అలాంటి కార్డు ఎందరి దగ్గర ఉంది?

4. పుట్టుమచ్చలు, పులిపిర్లు, జోస్టర్.

ఫింగోలిమాడ్, దాని తర్వాత వచ్చిన సిపోనిమాడ్, ఒజానిమాడ్, పోనెసిమాడ్ అనే మాత్రలు లింఫోసైట్లను (రక్షణకు పనిచేసే తెల్ల రక్తకణాలను) రక్తంలోకి రానివ్వకుండా లింఫు గ్రంథుల్లోనే ఆపేస్తాయి. మెదడుకు మేలు చేసేది అదే. చర్మం మీద కాపలా తగ్గడానికి కారణమూ అదే. బేసల్ సెల్, మెలనోమా, స్క్వామస్ సెల్ అనే చర్మ క్యాన్సర్లు, మందులకు లొంగని పులిపిర్లు, హెర్పిస్ జోస్టర్ (ఆటలమ్మ వైరస్ మళ్లీ లేచి ఒకవైపు నొప్పితో వచ్చే పొక్కులు) వీటితో రావచ్చు. యూరప్‌లో ఫింగోలిమాడ్ సమాచార పత్రం మందు మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, తర్వాత ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి చర్మ పరీక్ష చేయమంటుంది. కాగితం మీద ఉన్న ఈ ఆదేశం పరీక్ష గదిలోకి రావడం లేదు. గుండె వేగం చూస్తారు, కంటి వెనక పొర చూస్తారు, లివర్ పరీక్ష రాస్తారు. వీపు మాత్రం ఎవరూ చూడరు. సొంత వీపు ఎవరికీ కనబడదు కదా.

ఆటలమ్మ ఇంతకు ముందు సోకిందో లేదో ముందుగా యాంటీబాడీ పరీక్షతో తేల్చాలి. లేకపోతే టీకా వేసి, నెల రోజులు ఆగి అప్పుడు మందు మొదలుపెట్టాలి. తొందరలో ఈ మెట్టు ఎగిరిపోతే దాని ఫలితం ప్రాణం మీదికి వస్తుంది.

5. నరంలోకి ఎక్కించే మందులు.

ఓక్రెలిజుమాబ్ ఎక్కించేటప్పుడు నూటికి 34 నుంచి 40 మందికి దురద, దద్దుర్లు, గొంతులో గరగర వంటివి వస్తాయి. అరగంట ముందు 100 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసొలోన్, దాంతోపాటు అలర్జీ మందు ఇస్తారు, అయ్యాక కనీసం గంట కూర్చోబెడతారు. గదిలో ఉన్నంతసేపూ బాగానే చూస్తారు. లోపం గది దాటాక. ప్రతిచర్య 24 గంటలదాకా రావచ్చు. ఆ రాత్రి పదింటికి దద్దుర్లు తేలితే ఎవరికి ఫోన్ చేయాలో చేతిలో నంబరు ఉండదు.

అలెమ్‌టుజుమాబ్ విషయం ఇంకా గంభీరం. పరీక్షల్లో నూటికి ఇద్దరిలో ప్లేట్‌లెట్లను శరీరమే ధ్వంసం చేసుకునే జబ్బు వచ్చింది. దాని మొదటి ఆనవాలు చర్మం మీదే కనిపిస్తుంది: కాళ్ల మీద సూదిమొనంత ఎర్రని చుక్కలు, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం. ప్రతి నెలా రక్తపరీక్ష అన్న నియమం రాకముందు, తొలి పరీక్షల కాలంలో ఒక రోగికి ఈ జబ్బు గుర్తించక మెదడులో రక్తస్రావమై ప్రాణం పోయింది. అందుకే ఇప్పుడు చివరి డోసు తర్వాత 48 నెలలదాకా నెలనెలా రక్తపరీక్ష తప్పనిసరి. మెలనోమా భయం వల్ల ఏటా చర్మ పరీక్ష కూడా చేయమంటారు. చుక్కలు చూసి "దోమ కుట్టినట్టుంది" అని ఇంట్లో ఊరుకోకుండా ఉండాలంటే, ఆ చుక్కలు ఎలా ఉంటాయో ముందే ఫోటోలో చూపించాలి.

6. చర్మ వైద్యులకు ప్రత్యేకంగా ఒక మాట.

సోరియాసిస్ ఉన్న మనిషికి ఎంఎస్ కూడా వస్తే మందు ఎంపిక చాలా జాగ్రత్తగా జరగాలి. ఇంటర్‌ఫెరాన్ సోరియాసిస్‌ను రేపవచ్చు. ఓక్రెలిజుమాబ్ వాడుతుండగా సోరియాసిస్ కొత్తగా మొదలైన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అదే ఫ్యూమరేట్లయితే (డైమిథైల్ ఫ్యూమరేట్ కోవకు చెందిన మందులు), 1994 నుంచి జర్మనీలో సోరియాసిస్‌కే వాడుతున్నారు. ఇంకొకవైపు, సోరియాసిస్‌కు విరివిగా రాసే, టీఎన్ఎఫ్ అనే వాపు పుట్టించే ప్రోటీన్‌ను అడ్డుకునే మందులు ఎంఎస్‌ను ఎగదోస్తాయి. ఆ కోవకే చెందిన లెనెర్‌సెప్ట్‌ను ఎంఎస్ రోగుల మీద ప్రయోగిస్తే రిలాప్స్‌లు పెరిగాయి. ఆ ఫలితాలు 1999లోనే అచ్చయ్యాయి. ఒకరు రాసిన చీటీ ఇంకొకరు చూడకపోతే ఒక జబ్బుకు వేసిన మందు రెండో జబ్బును లేపుతుంది. చెరో ఫైలు పెట్టుకున్న మీ ఇద్దరూ ఒక్క ఫోన్ చేసుకుంటే ఇది ఆగుతుంది.

7. ఫోటోల్లోని చర్మం రంగు.

మందు పెట్టెలోని కరపత్రాల్లో, శిక్షణ పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది తెల్లని చర్మం మీది ఎరుపు. ముదురు రంగు చర్మం మీద ఎరుపు ఎరుపులా కనబడదు. ఊదాగానో, గోధుమ రంగుగానో, చుట్టూ చర్మం కన్నా కాస్త నల్లగానో కనిపిస్తుంది. అక్కడ కంటికంటే చేతినే నమ్మాలి: వేడి, వాపు, గట్టిదనం తడిమితే తెలుస్తాయి. మానాక మిగిలే నల్లమచ్చ నెలలకొద్దీ ఉంటుంది, దాన్ని చూసి కొత్త పుండు అనుకునే వీలుంది. ముదురు చర్మంలో మెలనోమా వస్తే తరచుగా అరికాళ్లలో, అరిచేతుల్లో, గోళ్ల కింద వస్తుంది. చర్మ పరీక్ష అంటే చెప్పులు, మేజోళ్లు విప్పించి చూడటం కూడా అని దయచేసి గుర్తుంచుకోండి.

ఇన్ని చెప్పాక, "అయితే మందు ఆపేయండి" అంటే అదీ పరిష్కారం కాదు. ఫింగోలిమాడ్ ఆపాక, ఎక్కువగా 12 వారాలలోపు, జబ్బు మునుపటికన్నా తీవ్రంగా తిరగబడిన కేసులున్నాయి. నరంలోకి ఎక్కించే ఇంకో మందు నటలిజుమాబ్ ఆపినా అలాంటి ప్రమాదమే. వాడితే చర్మం, మానితే నడక. ఇటు నుయ్యి, అటు గొయ్యి. ఈ రెంటి మధ్య దారి చూపవలసింది మీరే. అందుకే ఈ కోరికలు.

ఒకటి. మందు రాయకముందే చర్మ చరిత్ర అడిగి రాసుకోండి: సోరియాసిస్, పాత అలర్జీలు, కుటుంబంలో చర్మ క్యాన్సర్, ఆటలమ్మ, సొంతంగా చేయి అందే సూది చోట్లు. ఇన్ఫెక్షన్లు, చర్మ క్యాన్సర్ పెంచే మందులైతే తల నుంచి అరికాలిదాకా చూసి, అనుమానపు మచ్చలకు ఫోటో తీసి ఫైలులో పెట్టండి.

రెండు. సూది వాడేవారికి ప్రతిసారీ సూది చోట్లు విప్పి, చేత్తో తడిమి చూడండి. ఐదు నిమిషాలు చాలు. డాక్టరుకు తీరిక లేకపోతే నర్సుకు ఆ బాధ్యత రాతపూర్వకంగా అప్పగించండి.

మూడు. సూది శిక్షణ మొదటి రోజుతో ముగించవద్దు. చర్మం చచ్చిపోయే ప్రమాదం మొదటి నాలుగు నెలల్లో ఎక్కువ కాబట్టి రెండో నెలలో ఒకసారి, నాలుగో నెలలో ఒకసారి మీ ఎదుటే వేయించి చూడండి. ఫ్రిజ్‌లోంచి మందు తీసి గది వేడికి రానిచ్చారా (గ్లాటిరమెర్‌కు 20 నిమిషాలు), స్పిరిట్ ఆరాకే గుచ్చారా, పరికరంలో లోతు ఆ మనిషి ఒంటికి తగ్గట్టు పెట్టారా, వేశాక ఆ చోట రుద్దుతున్నారా అన్నవి అప్పుడే బయటపడతాయి. వణుకు ఉన్నవారి విషయంలో, ఇంట్లో సూది వేసే మనిషికి కూడా అదే శిక్షణ ఇవ్వండి.

నాలుగు. ప్రతి మందుకూ ఒకే పేజీ కాగితం, రోగి చదవగలిగే భాషలో, పెద్ద అక్షరాల్లో ఇవ్వండి. చూపు మందగించినవారు చదవాలి కదా. అందులో మూడే గడులు. మందు వెంటనే ఆపి ఆసుపత్రికి పరుగెత్తవలసినవి: ఊపిరి ఆడకపోవడం, నాలుక వాపు, నోట్లో కళ్లలో పుండ్లతో చర్మం పొక్కి ఊడటం, జ్వరంతో ఒళ్లంతా దద్దు, దెబ్బ లేకుండా చర్మం కింద రక్తపు చుక్కలు. తర్వాతి డోసు వేసే ముందు ఫోన్ చేయవలసినవి: నీలి నల్లని మచ్చ, నీరు కారే పుండు, నడుము చుట్టూ ఒకవైపే నొప్పితో లేచిన పొక్కులు, రంగో ఆకారమో మారిన పుట్టుమచ్చ. వాడుతూనే సర్దుకోగలిగేవి: రెండు మూడు రోజుల్లో పోయే ఎరుపు, మాత్ర తర్వాతి వేడి, మొదటి నెలల జుట్టు రాలడం. కింద రాత్రి వేళ కూడా ఎత్తే ఫోన్ నంబరు. టెరిఫ్లూనమైడ్ వాడేవారికి మందు బయటికి పంపే పద్ధతి రాసిన జేబు కార్డు అదనంగా ఇవ్వాలి.

ఐదు. నాడీ వైద్యులు, చర్మ వైద్యులు ఒకరికొకరు నేరుగా మాట్లాడుకునే ఏర్పాటు చేయండి. పుండు, పొక్కులు, మారుతున్న పుట్టుమచ్చ ఉన్నవారిని మామూలు వరుసలో నెలల తరబడి నిలబెట్టకండి.

ఆరు. కంపెనీలు తమ కరపత్రాల్లో, శిక్షణ వీడియోల్లో ముదురు, లేత చర్మాల రెండింటి ఫోటోలూ పెట్టాలి. నియంత్రణ అధికారులు ఆమోదం ఇచ్చేటప్పుడే దీన్ని షరతుగా అడగాలి.

ఏడు. చర్మ దుష్ఫలితాలను రోగులు, ఇంటివాళ్లు నేరుగా నమోదు చేసే వీలు ప్రతి చోటా కల్పించండి. మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎన్నో డోసు తర్వాత మొదలైంది, శరీరంలో ఎక్కడ, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో. ఈ అయిదూ ఉంటే ఆ నివేదిక ఎవరికైనా పనికొస్తుంది. అందిందని ఒక నంబరు, తర్వాత ఏం తేలిందని ఒక జవాబు తప్పక ఇవ్వాలి.

ఈ ఉత్తరానికి "మీ సూచనలను పరిశీలిస్తున్నాం" అన్న సమాధానం మాకు వద్దు. ఏడింటిలో ఏది ఒప్పుకుంటారు, ఏ తేదీ నుంచి అమలు చేస్తారు, ఏది కుదరదు, ఎందుకు కుదరదు అన్నది అంశం వారీగా రాయండి. రెండో కోరికకు అనుమతి కోసం కూడా ఎదురుచూడనక్కర్లేదు, రేపు ఉదయం మీ గదికి వచ్చే మొదటి రోగి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఎంఎస్ మందులు వాడుతున్నవారు, వారి కుటుంబ సభ్యులు, వారికి సేవ చేసే నర్సులు